బూట్లు విప్పమన్న నర్సు

ఆర్లీనా లొమేటోకి పదహారేళ్లప్పుడు, ఆసుపత్రిలో తల్లి మంచం పక్కన నిలబడి డాక్టరు మాటల్ని ఇంగ్లీషులోంచి తమ మార్షల్ దీవుల భాషలోకి మార్చి చెప్పే పని ఆమె మీద పడింది. దీవుల నుంచి వలసొచ్చిన తల్లి మెలేరా స్ప్రింగ్‌డేల్‌లోని కోళ్ల ఫ్యాక్టరీలో, ఎముకలు తీసే లైను మీద ఏళ్ల తరబడి నిలబడి పనిచేసిన మనిషి. చక్కెర జబ్బు ఉంది. ఎడమ పాదం కింద పుండు లేచి ఎముక దాకా దిగింది.

డాక్టరు దుప్పటి ఎత్తి చూసి, పక్కనున్న నర్సుతో, "వీళ్లంతా ఇంతే. ఒళ్లంటే నిర్లక్ష్యం. చెప్పిన మాట వినరు," అన్నాడు. తరవాత ఆర్లీనా వైపు తిరిగి, "పాదం తీసెయ్యాలి. మీ అమ్మకి చెప్పు," అన్నాడు.

"ఏమంటున్నాడే?" అని అడిగింది మెలేరా.

"ఇంకాస్త ముందు వచ్చి ఉంటే బాగుండేదంటున్నాడమ్మా."

"మొహం చూస్తే అలా లేదే."

"పాదం తీసెయ్యాలంట."

మెలేరా కనుబొమలు పైకెత్తింది. దీవుల వాళ్లకి అది 'సరే' అన్నట్టు. డాక్టరు మాత్రం ఆవిడ ఆశ్చర్యపోయిందనుకున్నాడు. "ఇందులో వింతేముంది?" అని తనలో తానే అనుకుంటున్నట్టుగా అని వెళ్లిపోయాడు. ఆ మాటని ఆర్లీనా తల్లికి చెప్పలేదు. కానీ తను మర్చిపోనూ లేదు.

మెలేరా ఆ తరవాత నాలుగేళ్లే బతికింది. తల్లి పోయాక ఆర్లీనా అమ్మమ్మ నేజేబా దగ్గరే ఉంది. ఊళ్లో ఉన్న దీవుల వాళ్లందరికీ ఆవిడ బుబు, అంటే అమ్మమ్మ. సొంత మనవలైనా కాకపోయినా అలాగే పిలుస్తారు. ఆర్లీనా నర్సింగు చదివింది. పాసయ్యాక, పెద్ద ఆసుపత్రులు పిలిచినా కాదని, ఫ్యాక్టరీకి దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో చేరింది.

అక్కడ ఆమె ఏడేళ్లు పనిచేసింది. ఆ ఏడేళ్లలోనూ తల్లి పాదంలాంటి పాదాలు వస్తూనే ఉన్నాయి. అన్నీ ఆలస్యంగానే వచ్చాయి. నల్లబడ్డాక, వాసన వేశాక, ఇంట్లో వాళ్లు ఎత్తుకొచ్చాక. డాక్టర్లు మారారు గాని వాళ్ల నోట ఆ మాట మారలేదు. చివరికి ఒకరోజు భోజనం దగ్గర, కొత్తగా చేరిన ఒక నర్సు, "మీ వాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదా, ఆర్లీనా?" అని ఎంతో జాలిగా అడిగింది. ఆర్లీనా చేతిలో ఉన్న కొబ్బరన్నం ముద్దని మళ్లీ డబ్బాలో పెట్టేసింది.

ఆ వారమే యూనివర్సిటీ శిక్షణకి దరఖాస్తు పెట్టింది. పరిశోధనల్లో ఎవరి గొంతూ వినపడని జనంలోంచి వచ్చిన నర్సులకి, రెండేళ్లపాటు, ఉద్యోగం చేసుకుంటూనే పరిశోధన నేర్పే శిక్షణ అది. నడిపేది డాక్టర్ ఒడెస్సా పెటిగ్రూ. మిసిసిపీ నది ఒడ్డున పత్తి చేల మధ్య పుట్టిన నల్లజాతి ఆవిడ, ముప్పయ్యేళ్లు ప్రసూతి వార్డులో నర్సుగా చేసి తరవాత ప్రొఫెసరైంది. భారీ మనిషి. ఆవిడ నడిచొస్తుంటే తరగతి గదిలో కుర్చీలు వాటంతటవే సర్దుకుంటాయని విద్యార్థులు నవ్వుకునేవాళ్లు.

"నీ నిద్ర పాడుచేసే ప్రశ్న ఏదో రాసుకురా," అంది ఒడెస్సా మొదటి రోజు.

ఆర్లీనా రాసుకెళ్లింది. 'మార్షల్ దీవుల స్త్రీలు పాదాల పుండ్లని ఎందుకు నిర్లక్ష్యం చేస్తున్నారు?'

ఒడెస్సా కళ్లజోడు పైకి తోసి చదివింది. "నిర్లక్ష్యం చేస్తున్నారని నీకెవరు చెప్పారు?"

"అందరూ... క్లినిక్‌లో అందరూ అదే అంటారు మేడమ్."

"జవాబు ముందే రాసేసుకుని, దానికి ప్రశ్న గుర్తు తగిలించావు. దీన్ని పరిశోధన అనరమ్మా, తీర్పు అంటారు. ఇంతకీ ఆ మాట ఎవరిది? నీదా?"

ఆర్లీనా కాగితం వైపు చూసింది. ఇన్నేళ్లూ తను అసహ్యించుకున్న మాటని తన చేత్తోనే రాసి తెచ్చింది. ఇంటికొచ్చి ఆ కాగితం చింపేసి మళ్లీ రాసింది. 'పుండు కనపడిన రోజు నుంచి క్లినిక్‌కి వచ్చే రోజు దాకా, వాళ్లు ఏం చేస్తారు?'

"ఇప్పుడు నీకు జవాబు తెలీదు. బాగుంది," అంది ఒడెస్సా.

* * *

ఆర్లీనా చర్చికి వెళ్లి, ఆడవాళ్లతో మాట్లాడే వీలు కల్పించమని పాస్టర్ హెమోస్‌ని అడిగింది. ఆయన మెత్తటి మనిషి. ప్రార్థన అయ్యాక స్త్రీల సంఘం దగ్గరికి ఆయనే వెంట తీసుకెళ్లాడు. ఆర్లీనా అంతా విడమరచి చెప్పింది. శనివారం చర్చి హాల్లో ఉంటాను, పాదాలు చూస్తాను, మాట్లాడతాను, మీకు తోచింది చెప్పండి, కాగితాల మీద రాసుకుంటాను గాని ఎవరి పేరూ బయటపెట్టను. తలలకి పూల దండలు చుట్టుకున్న పాతిక మంది ఆడవాళ్లు ఒక్కసారిగా కనుబొమలు ఎత్తారు. అందరూ 'సరే' అన్నట్టే.

శనివారం ఆర్లీనా గోరువెచ్చటి నీళ్ల బేసిన్లు, తెల్లటి తువ్వాళ్లు పెట్టుకుని కూర్చుంది. ఒక్కరూ రాలేదు. మరుసటి శనివారం కూడా అంతే. నీళ్లు చల్లారిపోయాయి. పారబోసి, బేసిన్లు తుడిచి, ఇంటికెళ్లింది.

కారణం ఒక పిల్లవాడి మొదటి పుట్టినరోజు విందులో తెలిసింది. మూడొందల మంది తిని పోయాక, వంటపాత్రలు కడుగుతూ రోసీనా అనే ఆవిడ ఉండబట్టలేక చెప్పేసింది. రోసీనా ఫ్యాక్టరీలో రెక్కలు కోసే లైను మీద పనిచేస్తుంది. మెలేరా స్నేహితురాలు.

"మా మీద కోప్పడకే తల్లీ. మేం రాకపోవడమేంటి? బుబు వద్దంది."

"ఏ బుబు?"

"ఏ బుబు అంటావేంటి? మీ బుబునే. 'నా మనవరాలు మంచిదే, కానీ ఆ కాగితాలు ఎవరివో నాకు తెలీదు, వెళ్లకండి' అంది. ఆవిడ వద్దన్నాక ఇంకెవరొస్తారు?"

ఆర్లీనా చేతిలో ఉన్న గిన్నెని సబ్బు నీళ్లలోకి జారవిడిచింది. ఒకే కప్పు కింద ఉంటూ, పొద్దున్నే టీ కలిపిస్తూ, శనివారాలు తను ఖాళీ చేతులతో తిరిగొస్తే 'తిన్నావా' అని అడుగుతూ ఉన్న మనిషి.

ఇంటికెళ్లేసరికి నేజేబా చాప మీద కూర్చుని గవ్వల దండ గుచ్చుతోంది. ఆర్లీనా చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ఎదురుగా కూర్చుంది.

"ఎందుకలా చేశావ్ బుబూ?"

ముసలావిడ సూది ఆపలేదు. "రోసీనా చెప్పిందా? దాని నోట్లో ఏదీ ఆగదు."

"నీ కూతురి పాదం కోసిన రోజు నేనక్కడే ఉన్నాను. అలాంటిది ఇంకెవరికీ జరక్కూడదనే కదా నా తాపత్రయం. నువ్వే అడ్డుపడితే ఎలా?"

నేజేబా దండ పక్కన పెట్టింది. "నాకు అయిదారేళ్లప్పుడు మా రోంగెలాప్ దీవి మీద తెల్లటి పొడి పడింది. దూరంగా పెద్ద అణుబాంబు పేల్చారని, అది దాని బూడిదని తరవాత తెలిసింది. మేం పిల్లలం దాంతో ఆడుకున్నాం. ఒళ్లంతా కాలింది, జుట్టు ఊడింది. ఇదంతా నీకు తెలుసు."

"తెలుసు."

"తరవాతది నేనెప్పుడూ చెప్పలేదు. ఏటా బాంబు పేల్చిన దేశపు ఓడ వచ్చేది. డాక్టర్లు దిగేవాళ్లు. నెత్తురు తీసేవాళ్లు. గొంతు నొక్కి చూసేవాళ్లు. నంబరు రాసిన పలక ఇచ్చి, గుండెల మీద పట్టుకోమని ఫొటో తీసేవాళ్లు. మా అమ్మని అందరి ముందూ గౌను విప్పమన్నారు. అన్నీ రాసుకునేవాళ్లు. చక్కగా నవ్వేవాళ్లు కూడా, మిఠాయిలిచ్చేవాళ్లు. నాకేం జబ్బో, ఎందుకొచ్చిందో, బతుకుతానో లేదో ఒక్కరూ చెప్పలేదు. నా పేరు కూడా అడగలేదు. ఓడ ఎక్కి వెళ్లిపోయేవాళ్లు. నువ్వు కాగితాలు పట్టుకుని గుమ్మంలోకొస్తే, నాకు ఆ ఓడే కనపడింది."

ఆర్లీనా ఆ దండని చేతిలోకి తీసుకుంది. కోపం ఎటో పోయింది. ఆ స్థానంలో ఇంకేదో గట్టిది వచ్చి కూర్చుంది.

"ఎలా చేస్తే అది ఓడ కాదో చెప్పు. అలాగే చేస్తాను," అంది.

"చేస్తావా? వాళ్లు చెయ్యనిస్తారా?"

"చెయ్యనివ్వకపోతే మానేస్తాను. ఊరికే అనడం లేదు."

నేజేబా మనవరాలి మొహంలోకి చూసింది. "మమ్మల్ని పేరు పెట్టి అడగాలి. ఏం కనిపెట్టినా ముందు మాకు చెప్పాలి, మన భాషలో, మన హాల్లో. మేం ఆపమంటే ఆపాలి. ఆ తరవాతే వాళ్లకి చెప్పుకో, పేపర్లలో రాసుకో, నీ ఇష్టం."

* * *

మనుషుల మీద చేసే ఏ పరిశోధననైనా ముందు యూనివర్సిటీలో ఒక కమిటీ చూసి ఒప్పుకోవాలి. మొదటి పద్ధతికి అది ఒప్పుకునే ఉంది, ఇప్పుడు ఆర్లీనా బుబు షరతులన్నీ చేర్చి మళ్లీ పంపింది. కమిటీ తిప్పి పంపింది. కమిటీ వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. వాళ్ల అభ్యంతరంలోనూ న్యాయం ఉంది. అందరూ ఒకరికొకరు తెలిసిన చోట, హాల్లో నిలబడి 'ఒకావిడ ఇలా చెప్పింది' అంటే ఆ ఒకావిడ ఎవరో ఇట్టే పోల్చుకుంటారు, అప్పుడు రహస్యం ఏం మిగులుతుంది అన్నారు.

"వీళ్లు ఒప్పుకోరు మేడమ్," అంది ఆర్లీనా ఫోన్లో.

"వాళ్లు అడిగింది సరైన ప్రశ్నేనా, కాదా?"

"సరైనదే."

"అయితే ఏడుపు మాని జవాబు వెతుకు. నేను రాసిపెడతాననుకుంటున్నావేమో, రాయను. మీ అమ్మమ్మ దగ్గరికే వెళ్లి అడుగు. షరతులు పెట్టిన మనిషికి దారి కూడా తెలిసుంటుంది."

నేజేబా ఆ అభ్యంతరం విని, మొదటిసారిగా ఆ కమిటీ గురించి ఒక మంచిమాట అంది. "ఎవరో బుర్రున్న వాళ్లే ఉన్నారక్కడ." తరవాత ఇద్దరూ కూర్చుని ఆలోచించారు. ఎవరి మాట వాళ్లకి ముందు వాళ్లింట్లోనే వినిపించాలి. అందులో ఏది హాల్లో చెప్పొచ్చో, ఏది వద్దో ఆ మనిషే తేల్చాలి. హాల్లో అందరికీ కలిపి తేలింది మాత్రమే చెప్పాలి. కమిటీ ఇంకోసారి తిప్పి పంపింది, ఈసారి చిన్న చిన్న మార్పులకి. మూడోసారి ఒప్పుకుంది.

మరుసటి శనివారం చర్చి హాల్లో బేసిను ముందు మొదట వచ్చి కూర్చున్నది నేజేబా. చిన్నప్పుడు ఓడ డాక్టర్లు చూసిన తరవాత తన ఒంటిని ఏ తెల్ల కోటుకీ చూపించని మనిషి. వచ్చి, గౌను మడమల దాకా సర్దుకుని, మేజోళ్లు తనే విప్పింది.

"మీ పేరు చెప్పండి," అంది ఆర్లీనా.

"నీకు తెలీదా?"

"అడగమన్నావు కదా."

"నేజేబా," అంది ముసలావిడ, గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న ఆడవాళ్లందరికీ వినపడేలా. ఆవిడ బొటనవేలి కింద చిన్న పగులు ఉంది. ఆర్లీనా దాన్ని కడిగి, మందు రాసి, కట్టు కట్టింది. అప్పటికి గుమ్మం దగ్గర వరుస తయారైంది.

* * *

ఆ చలికాలమంతా ఆర్లీనా ఇళ్లకి తిరిగింది. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన ఆడవాళ్ల రబ్బరు బూట్లు లాగడానికి ఒక్కోసారి ఇద్దరు పట్టాల్సి వచ్చేది. లోపల మేజోళ్లు తడిసి ముద్దై, పాదాలు తెల్లగా నాని ఉండేవి. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, పిల్లలు గోల చేస్తుంటే, వాళ్లు చెప్పింది ఆమె రికార్డు చేసేది. మొగవాళ్లు ఇంట్లో ఉంటే ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదు. అన్నదమ్ముల ఎదుట ఆడవాళ్లు ఒంటి సంగతులు ఎత్తకూడదు. అందుకని మొగవాళ్లని రోసీనా ఏదో ఒక వంకతో బయటికి పంపేసేది. "వెళ్లి నీ కారు కడుక్కో. దాని రంగేదో మర్చిపోయాం," అనేది.

క్లినిక్‌లో దుబాసీ మగవాడే. సగంమందికి వరసకి తమ్ముడో, బావమరిదో అవుతాడు. అతని ముందు కాళ్లు చూపించలేక అన్ని ప్రశ్నలకీ 'బాగుంది' అనేసి వచ్చేవాళ్లమని చాలామంది చెప్పారు. ఫ్యాక్టరీలో పని మానితే పాయింటు వేస్తారు, పాయింట్లు నిండితే పని పోతుంది, క్లినిక్ తెరిచేది మేం లైను మీదున్నప్పుడే అని అందరూ చెప్పారు. ఈ రెండూ ఆర్లీనా కొంత ఊహించినవే.

మూడోది ఊహించలేదు. దాన్ని పట్టుకున్నది ఆ రికార్డింగుల్ని కాగితం మీద పెట్టాక. ఒడెస్సా వారానికోసారి ఆమె రాతలన్నీ చదివించుకునేది.

"ఆగు. ఆ వాక్యం మళ్లీ చదువు."

"'నొప్పి లేదు కదా, అందుకే వెళ్లలేదు.'"

"ఇందాకటి ఆవిడ కూడా అదే అంది. అంతకు ముందావిడ కూడా. నొప్పి లేదు కదా అని ఇంతమంది ఒకేలా ఎందుకంటున్నారు?"

ఆర్లీనా మళ్లీ ఆ ఇళ్లకి వెళ్లి అదే అడిగింది. తనకీ కిందటేడు పాదానికి పుండు లేచిన రోసీనా తెల్లబోయింది. "క్లినిక్ వాళ్లే కదే చెప్పింది? చక్కెర జబ్బని తేలిన రోజున చెబుతారు కదా, పుండు పడితే శుభ్రంగా ఉంచండి, నొప్పి పెరిగితే రండి అని. నొప్పి పెరగలేదు. తగ్గింది కూడా. తగ్గితే నయమౌతున్నట్టే కదా?"

చక్కెర జబ్బు ముదిరితే పాదాల్లో స్పర్శ చచ్చిపోతుంది. నొప్పి తగ్గడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. నర్సుగా ఆర్లీనాకి ఇది కొత్త కాదు. ఈ ఒక్క ముక్క మాత్రం, తనతో సహా, వాళ్ల భాషలో వాళ్లకెవరూ చెప్పలేదు. ఆమె కారులో కూర్చుని స్టీరింగు మీద తల ఆనించింది. తరవాత తల ఎత్తి, ఇంకో ఇంటికి వెళ్లింది.

హాల్లో చెప్పే రోజు వచ్చింది. పాస్టర్ హెమోస్ చిన్న ప్రార్థన చేసి, మొగవాళ్లని తీసుకుని మర్యాదగా బయటికి వెళ్లిపోయాడు. ఆర్లీనా తమ భాషలో, కాగితం చూడకుండా, తేలిందంతా చెప్పింది. పుండుని పట్టించుకోని వాళ్లు ఒక్కరు కూడా లేరని చెప్పింది. రోజూ కడిగారు, ఆకులు కట్టారు, అక్కచెల్లెళ్లకి చూపించారు, ఫ్యాక్టరీలో ప్రథమ చికిత్స గదికి వెళ్లారు, నొప్పి పెరుగుతుందేమోనని ఎదురుచూశారు.

స్పర్శ పోతే నొప్పి తెలీదని వాళ్లకెవరూ చెప్పలేదని కూడా చెప్పింది. వెనక వరసలో, చక్రాల కుర్చీలో ఉన్న ఒక పెద్దావిడ మాట్లాడింది.

"అంటే చెప్పిన మాట విన్నందుకే నా కాలు పోయిందన్నమాట."

నేజేబా లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. ఆర్లీనాకి తల్లి గుర్తొచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. "ఇది నేను అక్కడికెళ్లి చెప్పనా, వద్దా? మీరు ఆపమంటే ఇక్కడితో ఆపేస్తాను," అంది.

"చెప్పు. పెద్దగా చెప్పు," అంది చక్రాల కుర్చీలో ఉన్నావిడ.

రాష్ట్ర రాజధాని లిటిల్ రాక్‌లో, డాక్టర్లూ ప్రొఫెసర్లూ నిండిన హాల్లో ఆర్లీనా పెద్దగానే చెప్పింది. ప్రశ్నల వేళ ఒకాయన లేచాడు. "వాళ్లు మీ చుట్టాలు. మీరు వాళ్ల పక్షం మాట్లాడరని ఏమిటి నమ్మకం?"

"ఇంతకుముందు మా గురించి రాసినవాళ్లు మా చుట్టాలు కారు సార్. వాళ్లు రాసింది తప్పని తేలింది," అంది ఆర్లీనా. "నా రికార్డింగుల్ని నేను కాక ఇంకో ఇద్దరు విడివిడిగా విని లెక్క చూశారు. ఆ వివరాలన్నీ వెనక పేజీల్లో ఉన్నాయి. మీరు తప్పు చూపిస్తే దిద్దుకుంటాను."

ముందు వరసలో ఒడెస్సా చేతులు కట్టుకుని కూర్చుంది. నవ్వలేదు గాని, కుర్చీలో కొంచెం వెనక్కి ఆనుకుంది.

క్లినిక్ ఆ వేసవి నుంచి వారానికి రెండు రోజులు షిఫ్టు దిగే వేళకి తలుపులు తెరవడం మొదలుపెట్టింది. ఒక ఆడ దుబాసీని తీసుకుంది. చెప్పే మాట మార్చింది. 'నొప్పి ఉన్నా లేకున్నా, పుండు కనపడగానే రండి.' ఫ్యాక్టరీ వాళ్లు మాత్రం పాయింట్ల సంగతి ఆలోచిస్తామన్నారు. రెండుసార్లు గుర్తుచేసినా ఆలోచిస్తూనే ఉన్నారు. ఆర్లీనా మూడోసారి వెళ్లడానికి పాస్టర్‌ని, రోసీనాని వెంట రమ్మంది. పాదాలు కొయ్యడం ఆగిపోలేదు. కానీ ఆ ఏడు, పుండ్లు చిన్నవిగా ఉన్నప్పుడే ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు.

శిక్షణ ముగిసిన నెలలో ఒడెస్సా ఫోన్ చేసి, "తరవాతేంటి?" అని అడిగింది.

"మొగవాళ్లు మేడమ్. వాళ్ల పాదాలెవరూ చూడలేదు. నాకు చూపించరు, నేనడగకూడదు కూడా."

"మరి ఏం చేస్తావ్?"

ఆర్లీనా పినతల్లి కొడుకు జోబి ఫ్యాక్టరీలో సామాను మోసే బండి నడుపుతాడు. వరసకి అన్న. అన్నతో ఇలాంటి మాట నేరుగా ఎత్తకూడదు కాబట్టి, ఆమె వదినకి చెప్పింది, వదిన జోబికి చెప్పింది. జోబి మూడు వారాలు ఆలోచించి, సరేనని మళ్లీ భార్య చేతే కబురు పంపాడు. మనుషుల్ని ఎలా అడగాలో, విన్నది ఎలా దాచాలో నేర్చుకునే తరగతులకి వెళ్లాడు.

మొదటిసారి మొగవాళ్లు కూడింది జోబి ఇంటి గ్యారేజీలో. ఆర్లీనా బేసిన్లు, తువ్వాళ్లు, మందులు కారులో తెచ్చి గుమ్మం బయట పెట్టింది. జోబి మొహం పక్కకి తిప్పుకునే వాటిని అందుకుని లోపలికి పట్టుకెళ్లాడు. తలుపు సగం దించారు. లోపలి నుంచి ఎవరిదో కంపు మేజోళ్ల మీద పరాచికాలు, పెద్ద నవ్వు వినిపించాయి. తరవాత నవ్వులు తగ్గి, జోబి గొంతు ఒక్కటే, తడబడుతూ, మొదటి మనిషిని పేరు అడిగింది.

ఆమె అక్కడ ఆగలేదు. క్లినిక్‌లో సాయంత్రం వరుస మొదలయ్యే వేళైంది. కారు స్టార్ట్ చేసింది.